మూడు దినాలకు పోయిండు

నాకు కోపం త్వరగా వస్తుంది, భయం ఆలస్యంగా వస్తుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. భయపడవలసిన రోజున నేను హాయిగా తిని తిరుగుతాను. అంతా అయిపోయి, ఇక చేయడానికి ఏమీ మిగలని వేళ భయపడతాను. నా పరిశోధన నాలుగో ఏట కూడా అదే జరిగింది.

బోనకల్‌లో పొద్దున రైలెక్కి ఖమ్మం వెళ్లి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, సాయంత్రం రైలుకు తిరిగి రావడం నా పని. దాని మీద పీహెచ్‌డీ ఒకటి నెత్తికెత్తుకున్నాను. భద్రాచలం దాటాక అడవి లోపలి ఊళ్లలో గాయాలకూ పుండ్లకూ జ్వరాలకూ ఏ ఆకులు వాడతారు, ఎలా వాడతారు అన్నది నా విషయం. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కేదాన్ని. ముప్పై గడపల ఊరొకటి బాగా అలవాటైంది. అక్కడి ఆశా కార్యకర్త నన్ను ఇల్లిల్లూ తిప్పేది. ఆమెది ఆ ఊరే. వాళ్ల భాషా వచ్చు, మన తెలుగూ వచ్చు. నేను అక్కా అనేదాన్ని, ఆమె మేడం అనేది. ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

ఆ ఊళ్లో మందు తెలిసిన మనిషి ఒక అవ్వ. గుప్పెడు మనిషి, వేళ్లు మాత్రం వడ్రంగి వేళ్లలా గట్టిగా ఉంటాయి. ఆకు నలిపి, పసరు పిండి, పుండు మీద పెట్టి గుడ్డ కడుతుంది. రూపాయి పుచ్చుకోదు. నన్ను చూస్తే ఆమెకు నవ్వు. "గింత సదివినవ్, గా ఆకేందో తెల్వదా బిడ్డా?" అని మొదటి రోజే నా పరువు తీసింది. నాకు ఒళ్లు మండినా నవ్వాను. తెలియదు మరి. ముద్దగా నలిపాక ఏ ఆకైనా ఆకుపచ్చ ముద్దే.

ఆకు పేరు మాత్రం చెప్పేది కాదు. అది వాళ్ల కట్టుబాటు. "పేరు పది నోళ్లల్ల నానితే మందు సచ్చిపోతది," అనేది. అందుకే మందు పెట్టిన ప్రతి మనిషితోనూ చివరకు ఒకే మాట చెప్పేది, ఎవ్వరికీ చెప్పకుండ్రి అని. వృక్షశాస్త్రం వాళ్లకు మొక్క పేరు లేకపోతే చేతులు విరిగినట్టే. నాలుగేళ్లు బతిమాలాను, అలిగాను, ఒకసారి గట్టిగానే వాదించాను. ఆమె చుట్ట వెలిగించుకుని అటు తిరిగి కూర్చుంది. చివరకు, పేరు లేకుండానే రాస్తానని మాట ఇచ్చాను.

నలభై దాకా సంభాషణలు ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఎక్కువ భాగం మిర్చి పనుల కాలంలో చేసినవి. కోళ్ల కూతలు, గాలి, సగం వాళ్ల భాష, సగం తెలుగు. అవన్నీ కూర్చుని విని రాసుకోవాలి. ఒక్క గంట మాటలు రాయడానికి నాకు ఒక రోజు పట్టేది. కాలేజీ చూసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, అయిదు రాసేసరికి వేసవి అయిపోయింది.

అప్పుడు గైడ్ సారు ఫోన్ చేసి, పది రోజుల్లో అధ్యాయం కమిటీ ముందు పెట్టాలన్నారు.

నా ఫోన్లో ఏఐ అప్పటికే ఉంది. పిల్లలకు ప్రశ్నపత్రాలు తయారు చేయడానికి వాడుతున్నాను. ఆ శనివారం రికార్డింగులన్నీ దానికి ఎక్కించాను. అన్నం వండుకునేలోపు మాటలన్నీ అక్షరాలై వచ్చాయి. వాటిని చదివి సారాంశం తీయమన్నాను, తీసింది. ఇంగ్లీషులో అధ్యాయం రాయమన్నాను, రాసింది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. నా ఇంగ్లీషు చదివి నవ్వుకున్నవాళ్లు నాకింకా గుర్తున్నారు. ఆ తెర మీద నా పేరు కింద అంత చక్కని ఇంగ్లీషు కనబడితే కళ్లు చెమర్చాయి. ఎందుకు దాచాలి, నిజంగానే చెమర్చాయి.

సారు చదివి మెచ్చుకున్నారు. "రికార్డింగులన్నీ మళ్లీ విని సరిచూసుకున్నారా అమ్మా?" అని అడిగారు కూడా.

"విన్నాను సార్," అన్నాను. అబద్ధం అనిపించలేదు. వాళ్ల ముందు కూర్చుని చెవులతో విన్నదాన్నే కదా, మళ్లీ వినడం ఎందుకు అనుకున్నాను.

సారుకు ఒక మంచి అలవాటుంది. ఊరివాళ్ల దగ్గర తీసుకున్నది ఊరివాళ్లకు చదివి వినిపించాలంటారు. సరేనని ఆ అధ్యాయాన్ని రెండు పేజీల తెలుగులో కుదించమని ఏఐకే చెప్పాను. పేపర్ల తెలుగులో, నున్నగా వచ్చింది. మొదటి పేజీ చదివి మురిసిపోయి, పైన నా పేరు పెద్ద అక్షరాల్లో పెట్టి, ఖమ్మం బస్టాండ్ దగ్గర జిరాక్స్ తీయించాను. ఇరవై కాపీలు. అక్క ట్రైనింగుకని భద్రాచలం వచ్చిన రోజు వెళ్లి చేతికిచ్చాను. ఆదివారం అంగన్‌వాడీ దగ్గర అందరినీ కూర్చోబెట్టి చదువుతానంది. అప్పటికి వానలు పట్టాయి.

శనివారం పొద్దున రైల్లో కిటికీ సీటు దొరికింది. సంచిలో మిగిలిన కాపీ తీశాను. రెండో పేజీ చదవడం అదే మొదటిసారి.

"గ్రామానికి చెందిన ఒక వృద్ధురాలు తమకు రహస్యంగా మందు పెట్టిందని, ఈ విషయం ఎవరికీ చెప్పవద్దని హెచ్చరించిందని పలువురు తెలిపారు. ఆమె మందు పెట్టిన మూడు రోజులకే ఒక వ్యక్తి మరణించినట్లు అతని భార్య వెల్లడించింది."

మూడుసార్లు చదివాను. ఖమ్మం వచ్చినా దిగాలని తోచలేదు. ఎవరో భుజం తట్టి, "దిగుతరా లేదా?" అంటే దిగాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రికార్డింగు వెతికాను.

ముందు నా గొంతు. "అన్న ఇంట్లో లేడా?" అని అడుగుతున్నాను.

తర్వాత ఆయన భార్య గొంతు. "లేడు. గొడ్డలి తాకింది కదా, ఇగో గీడ. అవ్వ మందు పెట్టింది. ఎవ్వలకు చెప్పకన్నది. మూడు దినాలకు పోయిండు."

తర్వాత కోడి కూత. తర్వాత నేను ఇంకేదో అడిగాను.

ఎక్కడికి పోయాడని నేను అడగలేదు. అడగాల్సిన పనే లేదు. ఆ నెలంతా ఆ ఊళ్లో పనిచేయగల ప్రతి మనిషీ మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోతున్నారు. వచ్చే దారిలో మూటాముల్లెలతో ఆటో ఎక్కుతున్న వాళ్లను నేను కళ్లారా చూశాను. పోయిండు అంటే పనికి పోయాడు. అవ్వ మందు ఎంత గొప్పదంటే గొడ్డలి దెబ్బ తిన్న మనిషి మూడో రోజుకు లేచి మిర్చి చేనుకు పోయాడు. ఆ ఇల్లాలు గర్వంగా చెప్పిన మాట అది. గీడ అన్నప్పుడు తన మడమ చూపించింది. చూపించిన వేలు రికార్డింగులో పడదు కదా.

మందు పెట్టడం అన్న మాటకు మా వైపు ఒక అర్థముంది. పుండుకైతే మేము మందు రాశామంటాం. మందు పెట్టింది అంటే అన్నంలోనో కల్లులోనో ఏదో కలిపి మనిషిని పాడుచేసిందని. నేను ఆరో తరగతిలో ఉండగా మా వీధిలో ఒకామె మీద ఈ మాట పడింది. పక్కింటాయన మంచం పట్టడం, ఆమె అంతకుముందు వాళ్లింటికి పచ్చిపులుసు పంపి ఉండటం, అంతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె బిందె పెడితే పంపు దగ్గర మిగతావాళ్లు బిందెలు తీసేసుకునేవారు. ఆమె పిల్లలతో ఆడొద్దని మా అమ్మే నాతో చెప్పింది. ఏడాది తిరక్కుండా వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. అడవి ఊళ్లో అవ్వ పెడుతున్న మందుకు ఆ అర్థం ఏనాడూ లేదు. అది మాది. ఎక్కడెక్కడి మా రాతల్లోంచో మిషన్ దాన్ని నేర్చుకుంది, నేను నా పేరు పెట్టి ఆ ఊరికి పంపాను.

అప్పుడు వచ్చింది భయం. నా డిగ్రీ పోతుందనీ, పరువు పోతుందనీ కాదు, అవన్నీ తర్వాత గుర్తొచ్చాయి. రేపు ఆ కాగితం చదివితే అవ్వను ఏం చేస్తారో అన్నదొక్కటే. మందు పెడుతుందన్న అనుమానం పడ్డ ముసలివాళ్లను ఏం చేశారో అప్పుడప్పుడు పేపర్లో వచ్చిన వార్తలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇంకో సంగతి కూడా అక్కడే తట్టింది. ఆ నలభై గొంతులూ నన్ను నమ్మి నాతో మాట్లాడినవి. వాటిని దేనికో ఎక్కించేముందు ఒక్కరినైనా అడగలేదు. అవి ఇప్పుడు ఎక్కడ ఉన్నాయో, ఎవరికి అందుతాయో నాకే తెలియదు.

అక్కకు ఫోన్ చేస్తే కలవలేదు. ఆ ఊళ్లో సిగ్నల్ ఒక్క గుట్ట మీదే ఉంటుంది. కాలేజీకి వెళ్లి పాఠం చెప్పానట, ఏం చెప్పానో గుర్తులేదు. మధ్యాహ్నం రెండింటికి కలిసింది.

"అక్కా, ఆ కాగితాలు చదివినవా?"

"నాకేడ తీరికుంది మేడం, ఊరంత జరాలు. సదువొచ్చినోళ్లకు నాలుగు ఇచ్చిన. మిగిలినయి సంచిలున్నయి. రేపు అందరం కూసొని సదువుకుందమని చెప్పిన."

నాలుగు కాగితాలు అప్పటికే చేతులు మారాయి. ఇంకెవరికీ ఇవ్వొద్దు, అందులో పెద్ద తప్పు పడింది అంటున్నాను, ఆమె తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "పోయిన వారం ఒక పసిబిడ్డ పోయింది మేడం. జరం. దవాఖానాకు తీసుకపోదామని ఆటో మాట్లాడేలోపే అయిపోయింది. అవ్వ నుదుటికి ఆకు పెట్టింది గనీ ఆగలే. తల్లి గింత ముద్ద ముడ్తలేదు."

"అక్కా, ఆ తల్లికి చదువొచ్చా?"

అటునుంచి గరగర తప్ప ఏమీ వినిపించలేదు. మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు. నేను చెప్పిందాంట్లో ఎంత విన్నదో తెలియదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరుతుంటే అమ్మ అడ్డం వచ్చింది. చర్చికి రాకుండా ఆదివారం పూట ఎక్కడికే అంది. జరిగింది చెప్పాను. మందు పెట్టింది అన్న మాట వినగానే ఆమె మొహం మారిపోయింది. మా వీధిలో ఖాళీ అయిన ఆ ఇల్లు ఆమెకూ గుర్తొచ్చి ఉంటుంది.

"పో. జల్దీ పో," అంది, చేతిలో బైబిలు బల్ల మీద పెట్టేసి.

బస్సులో నాలుగు గంటలు. గోదావరి నిండుగా, ఎర్రగా పోతోంది. దాన్ని ఎప్పుడు చూసినా నాకు ప్రాణం లేచి వచ్చేది, ఆ రోజు చూసినట్టే లేదు. దారంతా ఒక్క వాక్యం తయారు చేసుకుంటున్నాను. ఇది నేను రాయలేదు, మిషన్ రాసింది. అనుకున్నకొద్దీ ఆ వాక్యం బాగా అనిపించింది, గుండె కొంచెం నెమ్మదించింది. సిగ్గు లేకపోతే సరి. మెచ్చుకున్న రోజు అంతా నాదే, తప్పు తేలిన రోజు మిషన్‌ది.

ఆటో వాగు ఇవతలే ఆగిపోయింది. మోకాటి లోతు నీళ్లలో చెప్పులు చేత పట్టుకుని దాటి, బురదలో అరగంట నడిచాను. ఊళ్లోకి వస్తుంటే అవ్వ ఇల్లు ముందు కనబడుతుంది. తలుపు దగ్గరేసి ఉంది. వాకిట్లో ఎవరూ లేరు. ఆ వాకిట్లో ఎవరో ఒకరు కాలో చెయ్యో చాపుకుని కూర్చుని లేని పొద్దు నేను నాలుగేళ్లలో చూడలేదు. పరుగెత్తాను.

అందరూ అంగన్‌వాడీ వరండాలో ఉన్నారు. అవ్వ కూడా ఉంది. ఒక మూల, గోడకు ఆనుకుని. ఎప్పుడూ ఆడవాళ్ల మధ్యలో కూర్చునే మనిషి. ఆమెకూ పక్క మనిషికీ మధ్య ఇద్దరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. వాన చినుకులు పడుతున్నా ఆ చోట్లోకి ఎవరూ జరగలేదు.

అక్క నా దగ్గరకొచ్చి మెల్లగా అంది. "నేను సదువలే మేడం. గనీ గా నలుగురు సదివిండ్రు. ఇంటింటికి ఎరుకైంది."

నేను నిలబడి చెప్పాను. కాగితంలో రాసింది తప్పు, ఎవరూ అలా చెప్పలేదు, అవ్వ పుండు మీద మందు పెట్టిందని చెబితే ఇంకోలా పడింది, చనిపోయాడని రాసిన మనిషి చనిపోలేదు అన్నాను. అక్క వాళ్ల భాషలో చెబుతోంది. వెనక నుంచి ఒకాయన లేచాడు. మడమ పైన పొడుగాటి మచ్చ.

"నేనేనా మేడం సచ్చింది?" అన్నాడు. "మిర్చి ఏర వోతె సంపేసిండ్రా నన్ను?"

వరండా అంతా నవ్వింది. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నేనూ నవ్వాను. నెత్తిన పాలు పోసినట్టయింది. గండం గడిచిందనే అనుకున్నాను.

అవ్వ నవ్వలేదు. "గీ కాగితం ఎవలు రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది.

బస్సులో తయారు చేసుకున్న వాక్యం నోటి చివరే ఉంది. "నేను రాయలేదు అవ్వా. మిషన్ రాసింది."

ఆమెకు చదువు రాదు. కాగితం తీసుకుని, పైన పెద్దగా ఉన్న అక్షరాల మీద బొటనవేలు పెట్టింది. "మరి గీ పేరు ఎవలది?"

"నాదే," అన్నాను.

"నేను పెట్టిన, నువ్వు రాసినవ్," అంది. కోపం లేదు ఆ మాటలో. "నేను పెట్టింది నేను పెట్టలే అంటున్ననా?"

నవ్వులు ఆగిపోయాయి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేనే రాశాను అవ్వా, చూసుకోకుండా రాశాను, తప్పు నాదే అన్నాను. అక్క దాన్నీ వాళ్ల భాషలో చెప్పింది. కొందరు తలలూపారు. అంతటితో అయిపోతే ఇది రాసేదాన్నే కాదు.

వరండా మెట్టు మీద కూర్చున్న ఒక చిన్న వయసు ఆమె ఇటు తిరిగింది. అంతవరకూ నేను ఆమెను గమనించలేదు. పాలు కట్టి జాకెట్టు తడిసి ఉంది. ఎవరూ చెప్పకుండానే ఎవరో అర్థమైంది.

"మరి నా బిడ్డకు పెట్టింది ఏ ఆకు?" అని అడిగింది, నెమ్మదిగా.

అవ్వ ఆకు పేరు చెప్పకూడదు. చెప్పకపోతే దాచిందంటారు. వారం కింద అయితే ఆ తల్లి ఆ ప్రశ్న అడిగేదే కాదు, ఆ ప్రశ్న ఆమె నోట్లో పెట్టింది నా కాగితం. అవ్వ చాలాసేపు తన వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. చెప్పొద్దు అవ్వా అనాలనిపించింది, చెప్పేయ్ అవ్వా అనాలనిపించింది.

చెప్పింది. అందరిలో, గట్టిగా, ఆకు పేరు చెప్పింది. నాలుగేళ్లు నేను కాళ్లావేళ్లా పడినా చెప్పని పేరు.

నాకు తెలిసిన మొక్కే. దారుల పక్కన మొలిచేదే, మేకలు తినేదే. దానివల్ల ఏ హానీ లేదని నాకు బాగా తెలుసు. అవ్వను కాపాడాలన్న తొందరలో ముందుకొచ్చి, నేను వృక్షశాస్త్రం చదివిన మనిషిని, నా మాట నమ్మండి అని చెప్పి, "ఆ ఆకు ఏం చేయదమ్మా," అన్నాను.

ఆ తల్లి నా వంక చూసింది. "ఏం చెయ్యదా?" అంది.

అప్పుడు వినిపించింది నా మాట నాకు. హాని చేయదని నేనన్నాను. పనిచేయదని ఆమె విన్నది. జ్వరంతో కాలిపోతున్న బిడ్డ నుదుట ఏమీ చేయని ఆకు పెట్టుకుని కూర్చున్నామా అని ఆమె అడుగుతోంది. ఈసారి మిషన్ లేదు, కోడి కూత లేదు, ఎదురుగా నిలబడి నేను నా నోటితో అన్నాను. సరిచేయబోయాను. అలా కాదమ్మా, నా ఉద్దేశం అది కాదు అంటున్నాను, అక్క చెబుతోంది, ఆ తల్లి వినడం మానేసింది. కొంగు సర్దుకుని మెట్టు దిగి వానలో ఇంటికి వెళ్లిపోయింది.

అవ్వ గోడ పట్టుకుని లేచింది. "పేరు పది నోళ్లల్ల పడింది. ఇగ గా మందు పనిచెయ్యది," అంది అందరితో. "జరమొస్తే దవాఖానాకు పోండ్రి." మచ్చ కాలి మనిషి ఆమెకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగాడు. అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువే జరిగాడు.

ఖమ్మం వచ్చి సారుకు అంతా చెప్పాను. రికార్డింగులు విన్నానని అబద్ధమాడానని కూడా చెప్పాను. అధ్యాయం వెనక్కి తీసుకున్నాం. రోజూ రైల్లో పోతూ వస్తూ రికార్డింగులు మొదటి నుంచి వింటున్నాను. అవ్వ గురించి పడ్డవి కాక ఇంకా తప్పులు దొరుకుతున్నాయి. ఒకామె నవ్వుతూ అన్న మాట ఫిర్యాదుగా పడింది. ఇంకొకాయన ప్రశ్న జవాబుగా పడింది. ఇప్పటికీ ఏఐ వాడతాను, వాడనని ఒట్టు పెట్టుకోలేదు. కానీ గొంతులు దానికి ఇవ్వను. అది రాసిన ప్రతి వాక్యం పక్కన, ఈ మాట నేను ఎవరి నోట, ఏ రోజు, ఏం చూపిస్తుండగా విన్నానో రాసుకుంటాను. అలా రాసుకోలేని వాక్యం ఎంత బాగున్నా కొట్టేస్తాను. ఏ పని దానితో చేయించానో, ఎక్కడ తప్పు చేశానో కొత్త అధ్యాయం మొదట్లోనే ఒక పేజీ పెట్టాను. సారు ఆ పేజీ ఉంచమన్నారు. ఆకు పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. అది నాకు దొరికింది కాదు, నావల్ల ఆమె పోగొట్టుకున్నది.

రాత సంగతి అలా సర్దుకుంది. నాకు భయం పోలేదు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ముందు ఆ ఊరే గుర్తొస్తుంది.

మూడు వారాల కింద అక్క గుట్ట ఎక్కి ఫోన్ చేసింది. అవ్వ బాగుందా అన్నాను, అదే మొదటి మాట.

"మంచిగనే ఉంది మేడం. ఎవ్వలేమంటలేరు. గనీ మందు పెడ్తలేదు. మొన్నొకడు కొడవలికి చెయ్యి తెగి వస్తే ముట్టలే." మళ్లీ తనే అంది. "ఏరే ఆకులున్నయి కదా, పెట్టు అవ్వా అంటే, కాగితం ఉంటెనే పెడ్త అంటుంది. నేనే అడిగి పెట్టిచ్చుకున్న అని వచ్చినోళ్లు ఏలిముద్ర ఏయాల్నంట. గా కాగితం నిన్నే రాయమన్నది. చేత్తోనే రాయాల్నంట."

సరే, రాస్తానని చెప్పాను. ఆ పూటే తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. నా ఇష్టంతోనే అవ్వ చేత మందు, అని రాసి ఆగాను. పెట్టించుకున్నాను అని రాస్తే మా వైపు వాళ్లెవరైనా చదివి ఏమనుకుంటారు? రాయించుకున్నాను అంటే ఆ ఊళ్లో మందు చీటీ రాయించుకున్నారని అనుకోరా? వేయించుకున్నాను అంటే తాగించిందనిపిస్తుంది. పుండుకు అని ముందు చేరిస్తే జ్వరానికి వచ్చినవాళ్ల సంగతేమిటి, రేపు ఆ కాగితం ఎవరి చేతిలో పడి ఏ పిల్ల చావుకు సాక్ష్యమవుతుంది? ఒక్కో మాటా అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాను. ప్రతిదానికీ రెండో అర్థం కనిపిస్తోంది.

మూడు వారాలైంది. నేను ఆ కాగితం ఇంకా రాయలేదు. ఆమె ఇంకా ఎవరికీ మందు పెట్టలేదు.